రెండు దోసిళ్ల తవుడు

పోయినవారం మనం తాజ్ మొహమ్మద్‌ను వికారాబాద్ చేపల ఆఫీసులో, కుర్చీలో కూర్చోనూ లేక లేవనూ లేక ఉన్నచోటే వదిలేసి వచ్చాం. అతని టేబుల్ మీద రెండు కాగితాలున్నాయి. ఒకటి హైదరాబాదు నుంచి వచ్చిన ఉత్తర్వు. ఎర్రకుంట చేపపిల్లల కేంద్రం నుంచి తాండూరు పంపిన ముప్పైవేల పిల్లలు తన చేతి పొగాకుకు చచ్చిపోయాయని పదినెలలుగా సస్పెన్షన్‌లో ఉన్న ఫీల్డుమ్యాన్ కిష్టయ్య మీద రేపు పొద్దున పదింటికి ఈ ఆఫీసులోనే ఆఖరి విచారణ అని అందులో ఉంది. తప్పు రుజువైతే ఉద్యోగం ఊడుతుంది. రెండోది మంగళూరు ఫిషరీస్ కాలేజీకి అదే కిష్టయ్య బిడ్డ మొగులమ్మ పెట్టుకున్న దరఖాస్తు. దాని అడుగున, స్థానిక మత్స్యశాఖ అధికారి సంతకం చేయాల్సిన చోటు పదిహేను రోజులుగా ఖాళీగా ఉంది. సంతకం చేయాల్సిన ఆ అధికారి మన తాజే. ఆ మొగులమ్మే ఇప్పుడు గుమ్మంలో నిలబడి, "లోపటికి రావాల్నా అన్నా?" అని అడుగుతోంది.

రావద్దనడానికి నోరు రాలేదు. "రా మొగులమ్మా, కూసో," అన్నాడు తాజ్.

ఆమె కూర్చోలేదు. పందొమ్మిదేళ్ల పిల్ల. తాండూరు నుంచి పొద్దున రైలుకు వచ్చినట్టుంది, చెప్పుల నిండా నాపరాతి దుమ్ము. ఇంటర్మీడియట్‌లో మొదటి తరగతి తెచ్చుకుంది. వాళ్ల వాడలో అంతవరకు చదివిన ఆడపిల్ల లేదు. మగపిల్లవాడూ లేడు.

"సంతకం గురించే అయితే ఇయ్యాల చేస్త. పనులల్ల పడి మర్సిపోయిన," అన్నాడు తాజ్, ఆమె అడగకముందే.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. మర్చిపోవడమూ లేదు, పాడూ లేదు. ఆ కాగితం రోజూ అతని కంటికి ఎదురుగానే ఉంది. సంతకం ఎందుకు పెట్టలేదో అతనికొక్కడికే తెలుసు, కాసేపటిలో మనకూ తెలుస్తుంది.

"సంతకం సంగతి తర్వాత అన్నా. ఒక డౌట్ ఉన్నది, అడుగుదామని వచ్చిన," అంటూ ఆమె సంచిలోంచి ఒక నోట్‌బుక్ తీసింది.

ఆకుపచ్చ అట్ట. తాజ్ దాన్ని చూడగానే గుర్తుపట్టాడు. మంగళూరులో నాలుగేళ్లు చదివినప్పుడు తను రాసుకున్న ఏడు నోట్‌బుక్కుల్లో అదొకటి. కిష్టయ్యను సస్పెండ్ చేసిన నెలకు, ఆ ఇంటికి ఏదో ఒకటి చేయకపోతే అన్నం దిగదనిపించి, ఏడింటినీ కట్టగట్టి తాండూరు తీసుకుపోయి ఈ పిల్ల చేతిలో పెట్టివచ్చాడు. "చదువుకో, నీకు అక్కరకొస్తయి," అన్నాడు. దానం చేసి పాపం కడుక్కుందామనుకున్న మహానుభావుడు, ఆ పుస్తకాల్లో ఏమేం రాసుందో ఒక్కసారి తిరగేసి చూసుకోలేదు.

మొగులమ్మ పేజీ తెరిచి టేబుల్ మీద పెట్టింది. ఇంగ్లీషు మాటల మీద పెన్సిలుతో సన్నగా తెలుగు అర్థాలు రాసుకుంది.

"గీ పేజీ సమజ్ జేసుకోనీకి రెండు దినాలు పట్టింది. డిక్షనరీ ముంగటేస్కొని చదివిన. నువ్వు ఏం రాసినవంటే, పిల్లల్ని సంచులల్ల కట్టే ముందుగాల ఒక దినమన్న ఉపాసం ఉంచాలె. కడుపు ఖాళీ గావాలె. లేకుంటే అవి సంచిల్నే దొడ్డికి పోతయి, గా నీళ్లే వాటికి ఇసమైతయి. గీ మాట కింద రెండు గీతలు గుడ కొట్టినవ్."

"అవును. అందరికీ తెలిసిన ముచ్చటే అది."

"మా నాయినకు గుడ తెలుసన్నా. సదువు లేకున్న తెలుసు. ఆ సారి గుడ రెండు దినాలు ఉపాసం ఉంచిండు. హాపా కాడ ఎవ్వల్ని నిలబడనియ్యలే."

హాపా అంటే నీళ్లలో నాలుగు కట్టెలకు కట్టే దోమతెర గుడ్డ పెట్టె. రైలెక్కించబోయే పిల్లలను అందులోకి మార్చి, తిండి పెట్టకుండా ఉంచుతారు.

"మరి రెండు దినాల సంది ఏం తినని పిల్లలు సంచులల్ల ఏమిడుస్తయి?" అంది మొగులమ్మ. "తాండూరు గుంత ఒడ్డుకు నువ్వు సంచి మూతి ఇప్పినప్పుడు నేను ఆడనే ఉన్న. నీళ్లు పచ్చగున్నయి. జిగటగున్నయి. వాసన కొట్టినయి. మా నాయిన చేతి పొగాకుకు చస్తే నీళ్లు తేటగనే ఉండాలె గద అన్నా? గిదే నా డౌట్."

తాజ్ తలుపు వైపు చూశాడు. బయట వరండాలో అటెండర్ ఏసుదాసు ఎవరితోనో వానల గురించి మాట్లాడుతున్నాడు. పందొమ్మిది వందల డెబ్బై తొమ్మిది అది. ఆషాఢం వచ్చినా చినుకు లేదు.

"నేను కొట్లాడనీకి రాలేదన్నా," అంది ఆమె. కళ్లు దించలేదు. "ఎవలో మేపిండ్రు. ఎవలు మేపిండ్రు?"

ఈ ప్రశ్నకు జవాబు మనకు కూడా ఇంతవరకు చెప్పలేదు తాజ్. తనకు తాను కూడా పూర్తిగా చెప్పుకోలేదంటే నమ్మండి. ఆ సాయంత్రం మాత్రం కళ్లు మూసుకుంటే చాలు, ఎదురుగా వచ్చి నిలబడేది.

పోయినేడు భాద్రపదం. తాండూరు చుట్టుపక్కల బండలు తీసి వదిలేసిన క్వారీ గుంతల్లో నీళ్లు నిండి ఉత్తగా పడి ఉన్నాయి కదా, వాటిలో చేపలు పెంచితే బెస్తవాళ్లకు ఏడాది పొడుగునా పని దొరుకుతుందని ప్రభుత్వానికి రాసి ఒప్పించింది తాజే. ఆ పథకం మంచిదే, కాదనను. మొదటి విడత పిల్లలను ఎర్రకుంటలో సిద్ధం చేశారు. వాటిని గుంతల్లో వదిలే వేడుకకు హైదరాబాదు నుంచి పెద్ద సారు వచ్చాడు. ముందు రోజు సాయంత్రమే ఎర్రకుంట చూస్తానని జీపులో దిగాడు. కిష్టయ్య అప్పుడు అక్కడ లేడు. సంచుల్లో నింపే ఆక్సిజన్ సిలిండర్ తేవడానికి ఎడ్లబండి కట్టుకుని స్టేషన్‌కు పోయాడు.

పెద్ద సారు హాపా ఒడ్డున వంగి చూసి, "ఏవయ్యా పిల్లలు? నాకు నీళ్లే కనిపిస్తున్నాయి," అన్నాడు.

ఆకలిగా ఉన్న పిల్లలు అడుక్కు చేరి ఉంటాయి, చూపించడానికి వీలుపడదు అని చెబితే సరిపోయేది. ఆ మాట చెప్పడానికే కదా నాలుగేళ్లు చదివింది. కానీ ఇరవై ఏడేళ్ల వాడు, మొదటి పథకం, ఎదురుగా పెద్ద సారు. తాజ్ పక్కనున్న డబ్బాలోంచి పల్లిపిండి కలిపిన తవుడు ఒక దోసెడు తీసి నీళ్ల మీద చల్లాడు. నీళ్లు ఉడికినట్టు పిల్లలన్నీ పైకి ఎగిశాయి. పెద్ద సారు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టి, "ఇంకోసారి!" అన్నాడు. తాజ్ రెండో దోసెడు చల్లాడు. ఫోటో కూడా తీశారు.

అప్పుడైనా ఒక్కరోజు ఆగితే పిల్లలు బతికేవి. కానీ పెద్ద సారు రేపటి రైలుకే తాండూరు పోవాలి, అక్కడ షామియానా వేశారు. తెల్లవారి కట్టారు, రైలెక్కించారు, మధ్యాహ్నం విప్పారు. ముప్పైవేల పిల్లలు తెల్లగా, కడుపులు పైకి పెట్టి తేలాయి.

ఎట్లా జరిగిందని పైవాళ్లు అడిగినప్పుడు తాజ్ అబద్ధం చెప్పలేదు. నిజాలే చెప్పాడు, ఏరుకుని చెప్పాడు. పొగాకు చేపలకు విషమన్నది నిజం. ఫీల్డుమ్యాన్ కిష్టయ్య పొగాకు నములుతాడన్నది నిజం. పిల్లలను సంచుల్లోకి ఎత్తింది ఆ చేతులేనన్నది నిజం. ఈ మూడూ వరసగా రాసి, కిష్టయ్యకు చదివి వినిపించి, కింద వేలిముద్ర వేయించుకున్నాడు. తేలు కుట్టిన దొంగలాగా ఈ పదినెలలూ నోరు మూసుకున్నాడు.

ఇప్పుడు మొగులమ్మ ముందు మాత్రం ఆ మూడు నిజాల్లో ఒక్కటీ నోటికి రాలేదు.

"నేనే," అన్నాడు.

ఆమె నోట్‌బుక్ మూసి సంచిలో పెట్టుకుంది. అరుస్తుందనుకున్నాడు. ఏడుస్తుందనుకున్నాడు. అతను చేయి చాపి దరఖాస్తు లాక్కున్నాడు, పెన్ను మూత తీశాడు. "ముందుగాల ఇది ఇస్త. నీ సదువు ఆగొద్దు, నా తప్పుకు నీకు..."

మొగులమ్మ ఆ కాగితాన్ని అతని చేతి కింది నుంచి గుంజుకుంది. "ఇప్పుడొద్దు. ఇప్పుడు జేస్తే లంచం లెక్కయితది."

తాజ్ పెన్నుకు మూత పెట్టాడు.

"మా నాయిన ఎట్లున్నడో ఎరికేనా నీకు?" అంది. "పొగాకు ఇడిసిండు. నలభై ఏండ్ల సంది నమిలిన మనిషి. చెరువు అలుగు దుంకేదాంక వల ముట్టనని ఒట్టు వెట్టుకున్నడు. చెరువుల బుక్కెడు నీళ్లు లేవు, ఇగ అలుగెక్కడ దుంకుతది? మొన్న గుంతల పోరగాండ్లు ఈత కొడుతుంటే, తన నీడ వాళ్ల మీద పడొద్దని దూరంకెల్లి తిరిగొచ్చిండు. 'పసిపిల్లల్ని సంపినోన్ని' అంటడు. రేపు విచారణల అందరి ముంగట నేనే సంపినని ఒప్పుకుంటడట. ఆయనకు చెప్పు. నాకు జెప్తే ఏమొస్తది?"

"రేపు ఆఫీసర్ ముంగట చెప్త మొగులమ్మా. ఖసమ్, ఒట్టు."

"ఆఫీసర్‌కు రేపు చెప్పు. మా నాయినకు ఇయ్యాల్నే చెప్పు. మూడు గంటలకు రైలున్నది."

రైలులో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ధారూరు దాటేదాకా మాటలేదు. కిటికీ బయట ఎండిన కందిచేలు పోతున్నాయి. పోయినేడు ఇదే దారిలో, ఇదే పిల్లకు అతను చెప్పిన కబుర్లకు అంతులేదు. ఫిషరీస్ చదివితే ఏమేం కావచ్చో వేళ్లు మడిచి చెప్పాడు. తన క్లాసువాడొకడు కొచ్చిలో పరిశోధన ఓడ మీద ఉన్నాడు, నెలకు ఇరవై రోజులు నేల కనబడదు. ఒకడు విశాఖపట్నంలో రొయ్యల ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు. ఒకడు బ్యాంకులో చేరి చెరువులు చూసి అప్పులిస్తున్నాడు. మరొకడు నదుల్లో మొసళ్లను లెక్కపెట్టే పనికి పోయాడు. "మరి ఆడోళ్లు?" అని ఆమె అడిగితే, "నువ్వు పోతే ఉంటరు," అన్నాడు. ఆ మాటకు ఆమె పరిగి బస్టాండు దాకా వినిపించేటట్టు నవ్వింది.

అట్లాంటివాడు దరఖాస్తు మీద సంతకం ఎందుకు చేయలేదంటారా? మంగళూరు పోయిన పిల్లకు రెండో ఏడాదిలో పిల్లలను సంచుల్లో కట్టడం నేర్పుతారు. ఆ రోజు క్లాసులో ఆమెకు ఈ పచ్చనీళ్లు గుర్తొస్తాయి. అందుకని. తన తప్పు బయటపడకుండా ఉండాలంటే ఒక ఆడపిల్ల చదువు ఆగాలని పదిహేను రోజులు మనసులో ఒక మూలన అనుకున్నాడు తాజ్. ఆమె ఏ క్లాసుకూ పోకుండానే కనుక్కుంది. ఇప్పుడా సంగతి తలచుకుంటుంటే తవుడు చల్లిన సాయంత్రం కంటే ఈ పదిహేను రోజులే ఎక్కువ సిగ్గుగా ఉంది.

కిష్టయ్య ఎవరో పరాయివాడైతే ఇంత బాధ ఉండేది కాదు. తాజ్ తండ్రి ఇమాముద్దీన్ తాండూరులో బండలు కొట్టేవాడు. ఏడేళ్ల తాజ్ ఒకరోజు క్వారీ గుంతలో పడితే జుట్టు పట్టి ఒడ్డుకు లాగింది కిష్టయ్యే. పడితివి గనుక ఈత నేర్చుకో అని మర్నాటి నుంచి నేర్పిందీ ఆయనే. కొర్రమట్ట చేపల జంట తన ఎర్రపిల్లల గుంపును ఎట్లా కాపలా కాస్తుందో చూపించి, అప్పుడు వల వేయొద్దని చెప్పిందీ ఆయనే. తాజ్ ఇన్స్పెక్టర్‌గా వికారాబాద్ వచ్చిన రోజు, నలుగురి ముందు "సారూ" అని సెల్యూట్ కొట్టి, గదిలోకి వచ్చాక "బేటా, నీ కింద పని జేస్తున్ననంటే నాకు మస్తు ఖుషీగున్నది," అన్నాడు.

తాండూరులో దిగారు. స్టేషన్ నుంచి కిష్టయ్య ఉంటున్న బావమరిది ఇంటికి అరగంట నడక. దారికి రెండు వైపులా చెక్కిన బండలు నిలబెట్టి ఉన్నాయి. గోడలూ బండలే, కప్పూ బండలే. వాకిట్లో నులక మంచం మీద కిష్టయ్య కూర్చుని ఉన్నాడు. బండలకు అంచులు చెక్కే పని నుంచి అప్పుడే వచ్చినట్టుంది. జుట్టూ కనుబొమలూ దుమ్ముతో తెల్లగా ఉన్నాయి. నీళ్లలో తిరిగిన మనిషి, అరవై ఏళ్ల వయసులో రాళ్లలో పడ్డాడు.

"బేటా!" అంటూ లేచాడు. "నువ్వొచ్చినవా? రేపటి కోసం ధైర్నం చెప్పనీకి వచ్చినవా? నాకేం ఫికర్ లేదు. కూసో. మొగులీ, అన్నకు ఛాయ్ పెట్టు."

మొగులమ్మ కదల్లేదు. "ముందుగాల ఆయన చెప్పేది ఇను నాయినా."

తాజ్ కూర్చోలేదు. దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. "కాకా, పిల్లల్ని నువ్వు సంపలే. నేను సంపిన. నువ్వు సిలిండర్ కోసం పోయినప్పుడు పెద్ద సారు వచ్చిండు. ఆయనకు చూపెట్టనీకి నేను రెండు దోసిళ్ల తవుడు ఏసిన. కడుపు నిండినయ్. గట్లనే కట్టినం. గందుకే సచ్చినయ్."

కిష్టయ్య కొంచెంసేపు అతని ముఖంలోకి చూశాడు. తరువాత చిన్నగా నవ్వాడు.

"నువ్వు మంచోనివి బేటా. నాకు ఎరికే, నువ్వు ఇట్లాంటిదేదో జేస్తవని. రేపు నా నౌకరి పోతదని నా పాపం నీ నెత్తినేసుకుంటున్నవ్. వద్దు. సదువుకున్నోనివి, నీకు ముంగట మస్తు బతుకున్నది."

"నిజం చెప్తున్న కాకా!"

"నువ్వే గద అన్నవ్, పొగాకు చాపలకు ఇసమని? ఇంగ్లీషు బుక్కుల ఉన్నదని? బుక్కు అబద్ధమాడుతదా?"

"బుక్కుల ఉన్నది నిజమే. బుట్టలకొద్ది పొగాకు నానబెట్టి పోస్తే సస్తయి. నీ వేళ్లకంటిన దానికి ముప్పైవేలు సావయి. నాకు తెలుసు గది. తెలిసే రాసిన."

"మరి నీళ్లు పచ్చగైనయి గద. పొగాకు ఇసానికి కక్కినయనుకున్న నేను."

ముసలాయన నమ్మడం లేదు. తప్పు ఒప్పుకోవడం ఎంత కష్టమో అని పది నెలలు లెక్కలేసుకున్న తాజ్‌కు, ఒప్పుకున్నా నమ్మనివాడు ఉంటాడని ఒక్కసారైనా తట్టలేదు. ఇంత నమ్మకాన్ని తను ఎక్కడ సంపాదించాడు? సంపాదించలేదు. కిష్టయ్యే పెట్టాడు, గుంతలోంచి జుట్టు పట్టి లాగిన రోజునుంచీ కొంచెం కొంచెంగా పెట్టుకుంటూ వచ్చాడు.

తాజ్ నేల మీద, ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నాడు. "కాకా, తెల్లారి కట్టేటప్పుడు హాపాల చెయ్యి పెట్టి పిల్లల్ని ఎత్తినవ్. ఎత్తి నాతోటి ఏమన్నవ్? జర యాది చేస్కో."

కిష్టయ్య కుడిచేయి తనంతట తానే లేచింది. అరచేయి దోసిలిలా వంగింది. ఖాళీ చేతిలో ఏదో తూచుతున్నట్టు ఆ చేతినే చూస్తూ ఉండిపోయాడు.

"బరువున్నయన్న," అన్నాడు నెమ్మదిగా. "కడుపులు గట్టిగున్నయన్న. ఇయ్యాల కట్టొద్దన్న."

"నేనేమన్న?"

"రైలు టైమయితుంది, నీకట్ల అనిపిస్తుంది, కట్టు అన్నవ్."

 పక్కింట్లో ఎవరో కన్నడంలో పిల్లవాడిని తిడుతున్నారు. కిష్టయ్య రెండు చేతులూ ముందుకు చాపి, తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"అయితే నేను సంపలే," అన్నాడు.

"నువ్వు సంపలే కాకా."

"మొగులీ, నేను సంపలేనే బిడ్డా!"

మొగులమ్మ వచ్చి తండ్రి తల పట్టుకుంది. ఆ ముసలివాడు వెక్కి వెక్కి ఏడ్చాడు. తెల్లటి దుమ్ము మీద కన్నీళ్లు చారలు కట్టాయి. పది నెలలుగా మోసిన పీనుగను దించినట్టు భుజాలు కిందికి జారాయి. అది చూస్తుంటే తాజ్‌కు కూడా ఏడుపొచ్చింది. దానితోపాటు ఇంకొకటి కూడా వచ్చింది, చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది. హాయి. ఇంతేనా, ఇంత సులువా, ఇదేదో ముందే చెప్పి ఉంటే పోయేది కదా అనిపించింది. రేపు ఆఫీసర్ ముందు కూడా ఇట్లాగే చెప్పేస్తాను, పోతే ఉద్యోగం పోతుంది, ఏదో ఒక రొయ్యల ఫ్యాక్టరీలో బతుకుతాను, కాకా మాత్రం క్షమించాడు అనుకున్నాడు. ముసలాయన ఇంకా క్షమించానని అనలేదు. ఆ సంగతి అతను గమనించలేదు.

కిష్టయ్య తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. తుడుచుకుని, కొంచెంసేపు నేల చూసి, తల ఎత్తాడు.

"బేటా, ఒక్క మాట అడుగుత. కాయితం మీద నా వేలు ఏపిచ్చిన నాడు, అప్పటికి నీకు తెలుసా? తర్వాత తెలిసిందా?"

తాజ్ ఆ కళ్లలోకి చూశాడు. ఆ కళ్లు అతన్ని బతిమాలుతున్నాయి. తర్వాత తెలిసింది కాకా, అప్పుడు నేను కూడా పొగాకే అనుకున్న అంటే చాలు. ముసలాయన ఇట్టే నమ్ముతాడు. నమ్మడానికి సిద్ధంగా కూర్చున్నాడు. తవుడు చల్లడం కుర్రతనం, తొందరపాటు, దాన్ని ఎవరైనా క్షమిస్తారు. ఆ ఒక్క అబద్ధంతో ఇద్దరికీ మేలే, ఒకరికి కొడుకులాంటివాడు మిగులుతాడు, ఇంకొకరికి తండ్రిలాంటివాడు మిగులుతాడు. ఇన్నాళ్లూ తన కోసం నిజాలు ఏరుకున్నవాడు, ఇప్పుడు ఆయన కోసం ఒక్క అబద్ధమాడితే తప్పేంటి?

గోడకు ఆనుకుని మొగులమ్మ చూస్తోంది.

"తెలుసు," అన్నాడు తాజ్. "నీకు చదివి ఇనిపించేటప్పుడు గుడ తెలుసు."

కిష్టయ్య తల ఆడించాడు. లేచాడు. మంచం మీద కూర్చున్న మనిషి లేచి నిలబడితే ఇంత పొడుగుంటాడని తాజ్ మర్చిపోయాడు. మామూలుగా అయితే ఆ చేయి అతని నెత్తి మీద పడేది. ఇప్పుడు రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

"ఇన్స్పెక్టర్ సారూ," అన్నాడు, "ఏడు గంటలకు ప్యాసింజర్ ఉన్నది. మీరు పోండ్రి."

"కాకా..."

"రేపు పదిగొట్టంగ నేనొస్త. మీరు చెప్పేది మీరు చెప్పుండ్రి. నేను మాత్రం నా మాట మార్చ. పిల్లల్ని నేనే సంపినని చెప్త. వేలుముద్ర నాదే గద, దాని మీదనే ఉంట."

మొగులమ్మ ఉలిక్కిపడింది. "నాయినా! ఏం మాటలవి? నౌకరి పోతది! మనమెట్ల బతుకుడు?"

కిష్టయ్య బిడ్డ వైపు చూడలేదు. తాజ్ వైపే చూస్తున్నాడు. గొంతులో కోపం లేదు, అదే భయంగా ఉంది.

"పది నెలలు మీ తప్పు నా నెత్తి మీద పెట్టుకున్న, నాదే అనుకొని మోసిన. ఇప్పుడు మీకు బరువైతుందని వచ్చి దించుకపోతనంటే నేను దించనియ్య సారూ. నేను మాఫ్ చేసిన్నని మీరు రైలెక్కొద్దు. మీ తప్పు మీ తాననే ఉండనీ. మీరు ఎన్ని దినాలు బతికితే గన్ని దినాలు ఉండనీ."

ఆయన లోపలికి పోయాడు. తలుపు వేసిన చప్పుడు కూడా మెల్లగానే వినిపించింది.

రేపు పదింటికి ఒకే నేరానికి ఇద్దరు మనుషులు నేనంటే నేనని నిలబడబోతున్నారు. ఒకడు డిగ్రీ చదివిన ఇన్స్పెక్టరు, ఇంకొకడు వేలిముద్ర వేసిన ఫీల్డుమ్యాన్. తప్పు కిందివాడిదేనంటే ఆఫీసులు ఇట్టే నమ్ముతాయని తాజ్‌కు బాగా తెలుసు. మొగులమ్మ మూసిన తలుపు వైపు ఒకసారి, అతని వైపు ఒకసారి చూసింది. తరువాత చెప్పులు తొడుక్కుంది.

"నడువన్నా, నేనూ వస్తున్న," అంది. "మా నాయిన మాట అబద్ధమని రేపు నేను చెప్త."